చలి పట్టిన ఇంజిన్‌ను లేపే విద్య

1920లలో, 30లలో అలాస్కాలో చిన్న విమానాలు నడిపిన పైలట్లకు సాయంత్రం నేల మీద దిగగానే ఒక పని ఉండేది. ఇంజిన్ వేడి తగ్గకముందే అందులోని ఆయిల్‌ను డబ్బాల్లోకి దించుకుని, బసకు మోసుకెళ్ళి, పొయ్యి పక్కన పెట్టుకోవాలి. తెల్లవారాక విమానం ముక్కు మీద నుంచి నేల దాకా మందపాటి కాన్వాస్ కప్పి, ఆ డేరా లోపల చిన్న మంటపొయ్యి వెలిగించి, ఇంజిన్ లోహం వేడెక్కేదాకా పక్కనే కాపలా కూర్చోవాలి. పైన పెట్రోలు ట్యాంకు, చుట్టూ డోప్ అనే పూత పూసిన గుడ్డ, కింద భగభగమనే మంట. ఆ పూట కొన్ని విమానాలు ఎగరడానికి బదులు తగలబడిపోయాయంటే వింతేమీ కాదు. ఇంజిన్ కాగాక, పొయ్యి మీద వేడి చేసిన ఆయిల్‌ను మళ్ళీ పోసి, అది చల్లారేలోగా ప్రొపెల్లర్ తిప్పేవాళ్ళు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో జనవరి నెల సగటు ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ దీనికంటే తేలిక దారి అప్పట్లో లేదు.

ఇప్పుడు ఆ డేరాలు పోయాయి. ఇంజిన్ల లోపలి సంగతి మాత్రం పెద్దగా మారలేదు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా తయారైన విమానం సెస్నా 172. 1956లో మార్కెట్లోకి వచ్చింది, ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి. పైలట్ శిక్షణకు అమెరికా, కెనడా వెళ్ళే తెలుగు పిల్లల్లో చాలామంది మొదట కూర్చునేది దీంట్లోనో, దీని తమ్ముడు 152లోనో. దాని ముక్కులో ఉండేది గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల ఇంజిన్. తొలినాటి మోడళ్ళలో ఆరు సిలిండర్లుండేవి. ఈ రకం ఇంజిన్‌ను రాత్రంతా గడ్డకట్టే చలిలో బయట వదిలేసి, మర్నాడు పొద్దున్నే తాళం తిప్పితే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాదు. గిర్రున తిరుగుతుంది, అందుకోదు.

ఇలాంటప్పుడు అందరి అనుమానం నిప్పురవ్వ మీదకు పోతుంది. అసలు చిక్కు దాదాపు ఎప్పుడూ ఇంధనం దగ్గరే ఉంటుంది. ద్రవంగా ఉన్న పెట్రోలు మండదు. దాని మీద తేలే ఆవిరి గాలితో కలిసి మండుతుంది. అదీ ఇష్టమొచ్చిన పాళ్ళలో కాదు. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు ఆవిరికి 15 పాళ్ళ గాలి ఉంటే మంట చక్కగా అంటుకుంటుంది. గాలి సుమారు 8 పాళ్ళకు తగ్గినా, 18 పాళ్ళు దాటినా రవ్వ పడ్డా ఫలితం ఉండదు. వేసవి మధ్యాహ్నం సిలిండర్‌లోకి వెళ్ళిన పెట్రోలులో చాలా భాగం వెళ్ళీ వెళ్ళగానే ఆవిరైపోతుంది. మైనస్ 15లో కొద్ది భాగమే ఆవిరవుతుంది, తక్కినది చల్లటి గోడలకు తడిగా అంటుకుపోతుంది. లోపల కావలసినంత పెట్రోలు ఉన్నట్టే ఉంటుంది, మండడానికి మాత్రం సరిపోదు.

విమానాల పెట్రోలు ఈ విషయంలో మరీ మొండిది. చిన్న విమానాలు ఎక్కువగా వాడే 100ఎల్‌ఎల్ అనే నీలిరంగు ఇంధనం కావాలనే తక్కువగా ఆవిరయ్యేలా తయారవుతుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. తేలిగ్గా ఆవిరయ్యే పెట్రోలైతే గొట్టాల్లోనే బుడగలు కట్టి, ఇంజిన్‌కు ధార అందకుండా చేస్తుంది. ఆకాశంలో అది ప్రాణాపాయం. అందుకే 38 డిగ్రీల దగ్గర దాని ఆవిరి పీడనం 38 నుంచి 49 కిలోపాస్కళ్ళ మధ్యే ఉండాలని ప్రమాణం పెట్టారు. చలిదేశాల్లో శీతాకాలం కార్లకు అమ్మే పెట్రోలులో ఇది అంతకు రెట్టింపు దాకా ఉండవచ్చు. ఆకాశంలో బుద్ధిగా ఉండాలని కట్టడి చేసిన ఇంధనం నేల మీద చలిలో మొరాయిస్తుందన్నమాట. మైనస్ 15లో పక్కనున్న కారు ఒక్క సెల్ఫ్‌కే అందుకుని, విమానం అందుకోకపోవడానికి ఇదొక కారణం.

దీనికి విరుగుడు తేలికైనదే. కొద్ది భాగమే ఆవిరవుతుంది కాబట్టి, ఆ కొద్ది భాగమే మంటకు సరిపోయేంత పెట్రోలును ముందుగా పోయడం. పాత కార్లలో, మోటార్‌సైకిళ్ళలో చోక్ చేసే పని ఇదే. గాలి దారి మూసేస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది. రోటాక్స్ 912 లాంటి తేలికపాటి విమాన ఇంజిన్లకూ ఇలాంటి ఏర్పాటు ఉంది. సెస్నా, పైపర్ విమానాల్లో వాడే లైకమింగ్, కాంటినెంటల్ ఇంజిన్లకు మాత్రం చోక్ ఉండదు. వాటికి ఉండేది ప్రైమర్. డాష్‌బోర్డు మీద చిన్న గుండీ, దాని వెనక సిరంజిలాంటి చేతిపంపు. తిప్పి తాళం విప్పి వెనక్కి లాగితే పెట్రోలు నిండుతుంది, ముందుకు నొక్కితే సన్నటి గొట్టాల గుండా నేరుగా సిలిండర్ తలల్లోని ఇన్‌టేక్ రంధ్రాల్లోకి తుంపరగా పడుతుంది. అన్ని సిలిండర్లకూ గొట్టం ఉండాలనేమీ లేదు. ఒకటి రెండు అందుకుంటే మిగిలినవాటిని అవే తిప్పుకుపోతాయి.

ఎన్నిసార్లు నొక్కాలి? 1970ల చివరి సెస్నా 172 పుస్తకం రెండు నుంచి ఆరు అంటుంది, ఇంజిన్ వెచ్చగా ఉంటే అసలు వద్దంటుంది. రెండుకీ ఆరుకీ మధ్య ఉన్న ఆ ఎడమే పైలట్ అనుభవం. తక్కువైతే అందుకోదు. ఎక్కువైతే ప్లగ్గులు తడిసిపోతాయి, పైగా సిలిండర్ గోడల మీది పల్చటి ఆయిల్ పొరను పెట్రోలు కడిగేస్తుంది. ఆ వట్టి గోడల మీద పిస్టన్ రింగులు ఒరుసుకుంటే పడే గీతలు ఇంజిన్ విప్పినప్పుడు గానీ బయటపడవు. ఇంకో మాట. పని అయ్యాక ప్రైమర్‌ను లోపలికి నెట్టి మళ్ళీ తాళం వేయాలి. వేయకపోతే నడుస్తున్న ఇంజిన్ ఆ దారినే పెట్రోలు పీల్చుకుంటూ కుంటుతుంది. కారణం తెలియక మెకానిక్ ప్లగ్గులూ కార్బురేటరూ విప్పి చూస్తుంటాడు.

ప్రైమర్ వాడే ఓపిక లేనివాళ్ళు థ్రాటిల్‌ను ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. కార్బురేటర్‌లో యాక్సిలరేటర్ పంపు ఉంటుంది కాబట్టి ఆడించినప్పుడల్లా పెట్రోలు చిమ్ముతుంది. కానీ ఈ ఇంజిన్లలో కార్బురేటర్ ఉండేది ఇంజిన్ అడుగున. గాలి కింది నుంచి పైకి వెళ్ళాలి. ఇంజిన్ తిరగకుండా ఉన్నప్పుడు చిమ్మిన పెట్రోలును పైకి లాక్కుపోయే గాలే లేదు, కాబట్టి అది వెనక్కి కారి కింది గాలిపెట్టెలో చేరుతుంది. ఆ తర్వాత తాళం తిప్పినప్పుడు ఒక సిలిండర్ సగం సగంగా మండి, తెరిచివున్న వాల్వు గుండా మంటను వెనక్కి ఊదితే, ఆ గుంట పెట్రోలు అంటుకుంటుంది. చలికాలపు ఇంజిన్ మంటల్లో ఎక్కువ భాగం కథ ఇదే. కట్టుదిట్టంగా ప్రైమర్ వాడినా మంట రానే రాదనలేం గానీ, థ్రాటిల్ ఆడించడం దాన్ని పిలిచి పీట వేయడమే.

మంట వస్తే ఏం చేయాలన్నది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. స్టార్టర్ వదలకూడదు. మంట కనిపించగానే చేయి వెనక్కి తీసుకుని బయటికి దూకాలనిపిస్తుంది, అది సహజం. కానీ ఇంజిన్ తిరుగుతూ ఉంటే కింది నుంచి గాలిని పీలుస్తుంది, ఆ గాలితోపాటు మంటనూ, మిగిలిన పెట్రోలునూ సిలిండర్లలోకి లాక్కుంటుంది, అంటే మంట ఎక్కడ మండాలో అక్కడికే పోతుంది. ఇంజిన్ అందుకుంటే నిమిషానికి 1,700 చుట్ల వేగంతో కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, ఏం కాలిందో చూడాలి. అందుకోకపోతే పెట్రోలు పాళ్ళు సరిచేసే మిక్స్చర్ గుండీని పూర్తిగా వెనక్కి లాగి పెట్రోలు కట్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇంకా తిప్పుతూనే ఉండాలి. ఈలోగా బయట ఉన్నవాళ్ళు మంటలార్పే సిలిండర్ అందుకుంటారు. అప్పటికీ ఆరకపోతే ఇంధన వాల్వూ, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలూ, మాస్టర్ స్విచ్చీ ఆపేసి దిగిపోవడమే. ఈ వరసను విమానం పుస్తకంలో ముందే చదివి కంఠస్థం చేసుకోమంటారు. ముక్కు కింద పొగ లేస్తున్నప్పుడు పేజీలు తిప్పే తీరిక ఎవరికి ఉంటుంది?

స్టార్టరే లేని రోజుల్లో పద్ధతి ఇంకోలా ఉండేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ బేగంపేటలో నంబర్ 1 ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ నడిచింది. అక్కడి శిక్షణ విమానం టైగర్ మాత్. రెండు రెక్కల బండి, బ్రేకులు లేవు, స్టార్టర్ లేదు. చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, ఒకరు ముందు నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాల్సిందే. దాని జిప్సీ మేజర్ ఇంజిన్‌కు ప్రైమింగ్ అంటే కార్బురేటర్ మీద ఉండే చిన్న మీటను వేలితో నొక్కి, లోపలి గిన్నె పొర్లి పెట్రోలు చుక్కలు కారేదాకా పట్టుకోవడం. పొద్దున్నే బజాజ్ స్కూటర్‌ను పక్కకు వంచి, నిలబెట్టి, ఆపైన కిక్ కొట్టిన తరానికి ఇందులో తెలియనిదేమీ లేదు. తర్వాత స్విచ్చులు ఆఫ్‌లో ఉండగా ప్రొపెల్లర్‌ను నాలుగు రెక్కల మేర నెమ్మదిగా తిప్పితే తడి మిశ్రమం సిలిండర్లలోకి చేరుతుంది. అప్పుడు గానీ ‘కాంటాక్ట్’ అన్న కేక వినిపించదు. ముందున్న మనిషి ఆ మాట అంటాడు, కాక్‌పిట్‌లోని మనిషి స్విచ్చు వేసి అదే మాట తిరిగి చెబుతాడు, ఆపైనే గట్టి లాగు. పెట్రోలు ఎక్కువైతే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, స్విచ్చులు ఆపి, ప్రొపెల్లర్‌ను వెనక్కి తిప్పి లోపలిదంతా ఊదేయాలి.

టైగర్ మాత్ రూపకర్తల తెలివి ఒకటి చెప్పుకోవాలి. మాగ్నెటో స్విచ్చులను కాక్‌పిట్ లోపల కాకుండా బయట, విమానం ఒంటి మీద పెట్టారు. ప్రొపెల్లర్ పట్టుకున్న మనిషి తలెత్తి చూస్తే అవి పైకున్నాయో కిందికున్నాయో కనిపిస్తాయి. లోపలివాడి మాట ఒక్కదాని మీదే ఆధారపడి చేతులు పెట్టనక్కర్లేదు.

అయినా కళ్ళకు కనిపించే స్విచ్చును సగమే నమ్మాలి. ఈ రకం విమాన ఇంజిన్లలో నిప్పురవ్వను పుట్టించేది బ్యాటరీ కాదు, మాగ్నెటో. ఇంజిన్‌తోపాటు తిరిగే అయస్కాంతం దానికదే కరెంటు పుట్టించుకుంటుంది. ప్రతి ఇంజిన్‌కూ రెండు మాగ్నెటోలు, ప్రతి సిలిండర్‌కూ రెండు ప్లగ్గులు. ఒకటి చెడినా రెండోది నడిపిస్తుంది. దీన్ని ఆపాలంటే ఆ కరెంటును ఒక తీగ ద్వారా ఇంజిన్ ఒంటికి కలిపేయాలి. ఇంట్లో లైటు స్విచ్చుకు ఇది సరిగ్గా తిరగబడ్డ వ్యవహారం. ఇంట్లో తీగ తెగితే దీపం ఆరుతుంది, ఇక్కడ తీగ తెగితే మాగ్నెటో ఎప్పటికీ ‘ఆన్’. తాళం తీసి జేబులో వేసుకున్నా సరే. సిలిండర్‌లో కాస్త ఆవిరి మిగిలి ఉండి, ఎవరో సరదాగా ప్రొపెల్లర్‌ను అటూ ఇటూ కదిపితే ఇంజిన్ ఒక్క దెబ్బ కొట్టవచ్చు. ఆ ఒక్క దెబ్బ చేతులు తెగడానికి సరిపోతుంది. చలిలో ఆయిల్ వదులు చేయాలని ప్రొపెల్లర్‌ను ముందుగా చేత్తో తిప్పే అలవాటును చాలామంది నిపుణులు ప్రోత్సహించకపోవడానికి కారణం ఇదే.

బ్యాటరీ నీరసించినప్పుడు చేత్తో తిప్పి లేపుదామన్న ఆశ పుట్టేదీ చలికాలంలోనే. లెడ్ యాసిడ్ బ్యాటరీ శక్తి మైనస్ 18 దగ్గర సగానికి దగ్గరగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే చిక్కబడ్డ ఆయిల్ వల్ల స్టార్టర్‌కు బలం ఎక్కువ కావాలి. కాక్‌పిట్‌లో తెలిసిన మనిషి లేకుండా, తోక కట్టకుండా, చక్రాలకు అడ్డు పెట్టకుండా ఒంటరిగా ప్రొపెల్లర్ తిప్పిన చోటల్లా ఒకటే రకం ప్రమాదం మళ్ళీ మళ్ళీ జరుగుతూ వచ్చింది. ఇంజిన్ అందుకుంటుంది, విమానం తనంతట తాను పరుగు తీసి పక్కనున్న మరో విమానాన్నో, హ్యాంగర్ తలుపునో గుద్దుకుంటుంది. వెనక పరుగెత్తే యజమానిని తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రెక్కల ముందు ఎవరూ లేకపోవడం ఆయన అదృష్టం.

చేత్తో తిప్పినా, స్టార్టర్‌తో తిప్పినా వేగం తక్కువే. మాగ్నెటో మెల్లగా తిరిగితే రవ్వ బలహీనం. పైగా మామూలుగా రవ్వ పడేది పిస్టన్ కొసకు చేరడానికి 25 డిగ్రీల కోణం ముందే. వేగంగా తిరుగుతున్నప్పుడు అది సరైన సమయం, మెల్లగా తిరుగుతున్నప్పుడైతే పిస్టన్ వెనక్కి తన్నేస్తుంది. ఈ రెండు తిప్పలనూ ఒక స్ప్రింగు తీరుస్తుంది. ఇంపల్స్ కప్లింగ్ అనే ఈ ఏర్పాటు మాగ్నెటో అయస్కాంతాన్ని క్షణంసేపు ఆపిపట్టి, స్ప్రింగు చుట్టుకున్నాక టక్కున వదులుతుంది. రవ్వ బలంగానూ వస్తుంది, ఆలస్యంగానూ వస్తుంది. చిన్న విమానం స్టార్ట్ చేస్తుంటే వినిపించే ఆ టిక్కు టిక్కు శబ్దం దానిదే.

చలిలో ఇంకో విచిత్రం ఎదురవుతుంది. ఇంజిన్ రెండు మూడు దెబ్బలు కొట్టి, బతికినట్టే బతికి చచ్చిపోతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా ఉలకదు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. చల్లటి ప్లగ్గుల కొనల మీద అది మంచుగా పేరుకుని, రవ్వ దూకాల్సిన ఖాళీని పూడ్చేస్తుంది. ఇక ఎన్నిసార్లు ప్రైమర్ నొక్కినా లాభం లేదు, గాలిపెట్టెలో పెట్రోలు చేరడం తప్ప. ప్లగ్గులు విప్పి వేడి చేయాలి, లేదా ఇంజిన్ మొత్తాన్ని వేడి చేయాలి.

వేడి చేయడం అందుకోవడానికి ఒక్కదానికే కాదు. క్రాంక్‌కేస్ అల్యూమినియం, లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఉక్కు. చలికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు కుంచించుకుపోతుంది. 60 మిల్లీమీటర్ల షాఫ్ట్ చుట్టూ 40 డిగ్రీల తేడాకు లెక్క వేస్తే, బేరింగులో ఖాళీ మిల్లీమీటరులో రెండు మూడు నూరోవంతులు తగ్గుతుంది. ఆ బేరింగులో అసలు ఉండే ఖాళీయే కొన్ని నూరోవంతులు. ఇరుకైన ఆ సందులోకి గట్టిపడ్డ ఆయిల్ వెళ్ళాలి. అందుకే లైకమింగ్ తన ఇంజిన్లలో చాలావాటికి మైనస్ 12 కంటే తక్కువైతే ముందుగా వేడి చేయమంటుంది. కాంటినెంటల్ ఆ గీతను మైనస్ 7 దగ్గరే గీసింది. ఇంజిన్ గట్టిగా ఉంది, అందుకుంది కదా అని ఈ గీతలను తోసిపుచ్చేవాళ్ళు నష్టపోయేది ఆ రోజు కాదు, కొన్ని వందల గంటల తర్వాత.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్, సోవియట్, జర్మన్ వైమానిక దళాలు మరో ఉపాయం వాడాయి. ఇంజిన్ ఆపే ముందు ఆయిల్‌లో కొంత పెట్రోలు కలిపేవాళ్ళు. పల్చబడ్డ ఆయిల్ రాత్రంతా పారేలా ఉంటుంది, పొద్దున ఇంజిన్ వేడెక్కాక పెట్రోలు ఆవిరై పోతుంది. ఇప్పుడు మల్టీగ్రేడ్ ఆయిళ్ళు, సిలిండర్లకూ ఆయిల్ సంపుకూ అతికించే కరెంటు హీటర్లు వచ్చాక ఆ అవసరం పోయింది. వేడిగాలి గొట్టంతో పని కానిచ్చేవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. పది నిమిషాలు సిలిండర్ల మీదకు ఊది, మీటరు ముల్లు లేచింది కదా అని స్టార్ట్ చేస్తారు. సిలిండర్ తలలు వెచ్చగానే ఉంటాయి, అడుగున ఆయిల్ మాత్రం ముద్దగా అలాగే ఉంటుంది. అందుకోని ఇంజిన్ కంటే, లోపల ఆయిల్ కదలకుండానే అందుకున్న ఇంజిన్ ప్రమాదకరం.

కాబట్టి ఇంజిన్ పలికిన మరుక్షణం చూడాల్సింది ఆయిల్ ప్రెషర్ ముల్లు. మామూలు వాతావరణంలో 30 సెకన్లలో, గట్టి చలిలో ఒక నిమిషం లోపల అది లేవాలి. లేవకపోతే ఎంత కష్టపడి స్టార్ట్ చేసినా ఆపేయాల్సిందే. లేచాక కూడా వేగం 1,000 చుట్ల దగ్గర ఉంచి ఓపిక పట్టాలి. స్టార్టర్‌కూ విశ్రాంతి లెక్కలున్నాయి. కొత్త 172ల పుస్తకం ప్రకారం 10 సెకన్లు తిప్పి 20 సెకన్లు ఆగాలి, అలా మూడుసార్లయ్యాక పది నిమిషాలు వదిలేయాలి.

చలి చేసే ఓ దొంగదెబ్బ గాల్లోకి లేచాక బయటపడుతుంది. క్రాంక్‌కేస్‌లోని ఆవిరి బయటికి పోవడానికి ఒక ఊపిరి గొట్టం ఉంటుంది. దాని కొసలో తేమ గడ్డకట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ప్రొపెల్లర్ వెనకున్న సీలును ఊడగొట్టి ఆయిల్ మొత్తాన్ని బయటికి చిమ్ముతుంది. అందుకే చాలా విమానాల్లో ఆ గొట్టానికి కొసకంటే కాస్త పైన, వెచ్చగా ఉండే చోట, ఇంకో చిన్న చీలిక పెడతారు. స్టార్ట్ చేసే ముందు చూసుకోవాల్సిన వాటిలో అదీ ఒకటి.

తెలుగు నేల మీద ఈ చిక్కులన్నీ తలకిందులుగా వస్తాయి. మే నెలలో 42 డిగ్రీల ఎండలో విమానం దిగి, పావుగంట ఆగి మళ్ళీ తాళం తిప్పితే, వేడెక్కిన గొట్టాల్లో పెట్రోలు బుడగలు కట్టి ఉంటుంది. పెట్రోలును ఇంజెక్షన్‌తో అందించే కొత్త 172ల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. వీటిలో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడైతే విద్యుత్ పంపు వేసి, ఇంధన ప్రవాహం నిలకడగా కనిపించేదాకా మూడు నుంచి ఐదు సెకన్లు మిక్స్చర్ తెరిచి, మళ్ళీ మూసి, స్టార్టర్ తిప్పుతూ అందుకోగానే మిక్స్చర్ ముందుకు నెట్టాలి. పెట్రోలు ఎక్కువైతే మిక్స్చర్ మూసే ఉంచి, థ్రాటిల్ బాగా తెరిచి తిప్పితే గాలే తడిని ఊడ్చేస్తుంది.

ఇంజిన్ ఆపేటప్పుడు కూడా తాళం తిప్పి ఆపరు. మిక్స్చర్ వెనక్కి లాగి పెట్రోలు కట్ చేస్తారు. సిలిండర్లలో ఉన్న చివరి ఆవిరి కూడా మండిపోయి ఇంజిన్ దానంతటదే ఆగుతుంది, ఆ తర్వాతే తాళం ఆఫ్‌కు వస్తుంది. అంతకంటే ముందు, ఇంజిన్ మెల్లగా తిరుగుతుండగా, కొందరు పైలట్లు తాళాన్ని ఒక్క క్షణం ఆఫ్‌కు తిప్పి మళ్ళీ వెనక్కి తెస్తారు. ఇంజిన్ ఆగబోయినట్టు తడబడితే రెండు మాగ్నెటోల తీగలూ బాగున్నట్టు. తడబడకుండా నడుస్తూనే ఉంటే ఎక్కడో ఒక తీగ తెగింది. అప్పుడు ప్రొపెల్లర్‌కు ‘ముట్టుకోవద్దు’ అన్న అట్ట కట్టి, మెకానిక్ వచ్చి చూసేదాకా దాని దగ్గరికి ఎవరినీ పోనివ్వరు.